పిట్టగుట్ట మీద దొరికిన పెట్టె

ఆదివారం పొద్దున కామేశం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే నరసరావుపేటలో బయలుదేరి మూడుగుండ్లపాలెం చేరాలి. ఆ ఊరి వెనకున్న పిట్టగుట్ట ఎక్కాలి. అక్కడ దాచిపెట్టిన డబ్బా ఒకటి వెతికి తీసి, ముచ్చట తీరా చూసుకుని, మళ్ళీ అక్కడే దాచేసి, దారిలో లేత వంకాయలు కొనుక్కుని భోజనాల వేళకు ఇంట్లో ఉండాలి. ఇందులో ఊళ్ళు కదలవలసిన పనిగానీ, రెవెన్యూవాళ్ళు జీపు తియ్యవలసిన పనిగానీ ఎక్కడా లేదు.

"మా తమ్ముడు వస్తన్నాడు. గుత్తొంకాయ చెయ్యమని మరీ మరీ చెప్పాడు," అంది భార్య పరమేశ్వరి, ఆయన స్కూటరు తీస్తుంటే గుమ్మంలోకి వచ్చి. "మీరు వంకాయలు మర్చిపోయి డబ్బాలు ఏరుకుంటా కూర్చున్నారంటే వాడికి ఆ డబ్బాలే వడ్డిస్తా."

"ఎందుకు మర్చిపోతానే? పోవటం, రావటం. అంతే గదా," అన్నాడు కామేశం.

కామేశానికి కోర్టు సందులో రబ్బరు స్టాంపుల షాపు ఉంది. హెడ్మాస్టర్లకీ, వకీళ్ళకీ, సొసైటీ సెక్రటరీలకీ గుండ్రటి ముద్రలు, పలకల ముద్రలు కోసికోసి తల నెరిసింది. అలాంటి షాపుకి ఒకనాడు ఫాయిజా వచ్చింది. జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. "కూకుడుగువ్వ బొమ్మతో ముద్ర కావాలి బాబాయ్," అంది. "ఏ డిపార్టుమెంటుదమ్మా?" అని అడిగాడు కామేశం. ఏ డిపార్టుమెంటుదీ కాదని తెలిసేసరికి ఆయనకి ఆశ్చర్యం వేసింది. ఎవరి సంతకం పక్కనా పడనవసరంలేని ముద్ర ఒకటి లోకంలో ఉంటుందని ఆయన అప్పటిదాకా ఎరగడు.

ఆ ఆట పేరు లెటర్‌బాక్సింగ్. పేరు వినగానే పోస్టాఫీసు వ్యవహారం అనుకునేవాళ్ళే ఎక్కువ. ఒకరు ఒక డబ్బాలో చేత్తో కోసిన రబ్బరు ముద్ర, చిన్న పుస్తకం పెట్టి ఏ గుట్ట మీదో, ఏ గట్టు పక్కనో దాస్తారు. చెప్పీచెప్పనట్టు ఒక ఆచూకీ రాసి వదులుతారు. దాన్నిబట్టి వెతికి పట్టుకున్నవాళ్ళు డబ్బాలోని ముద్రను తమ పుస్తకంలో వేసుకుంటారు. తమ సొంత ముద్రను డబ్బాలోని పుస్తకంలో వేసి, రెండు ముక్కలు రాసి, డబ్బాను ఎక్కడిదక్కడ పెట్టేసి ఇంటికి పోతారు. బహుమతి లేదు, చప్పట్లు లేవు. పరమేశ్వరి అడిగినట్టు "మరైతే ఎందుకూ?" అన్న ప్రశ్నకు జవాబూ లేదు. కామేశం మాత్రం ఆ ఆటలో పీకల్లోతు మునిగిపోయాడు. మూడుగుండ్లపాలెంలో మిర్చి పండించే హైమావతి కూడా చేరింది. ఇంకొకరిద్దరు కలిశారు. "డబ్బా మిత్రులు" అని వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు.

అంతా బాగానే సాగేది. ఫాయిజా ఫోన్లో ఒక పేజీ తయారుచేసిన దగ్గర్నుంచే గొడవ మొదలైంది. ఎవరికి ఏ డబ్బా దొరికినా అందులో ఎక్కించాలి. ఫోటో పెట్టాలి, తేదీ వెయ్యాలి.

"రాయకపోతే దొరికినట్టు ఎవరికి తెలిసిద్ది బాబాయ్?" అంది ఫాయిజా.

"డబ్బాకి తెలుసు, నాకు తెలుసు. మధ్యలో మూడోవాడెందుకు?"

"రేపు డబ్బా పోయిందనుకోండి. వానకి కొట్టుకుపోయిందనుకోండి. పేజీలో ఉంటే అదొక గుర్తు గదా."

"పోతే పోయిద్ది. అందుకే గదా ఉన్నప్పుడు అంత ముద్దుగా ఉండేది! నువ్వు ఫోటో తీసి అందరికీ చూపిస్తే, తర్వాత వెళ్ళేవాడికి ఏం మిగిలిద్ది? కథ మొత్తం చెప్పి సినిమాకి పంపినట్టు."

హైమావతి ఏ పక్షమూ కాదు. ఆమె పేజీలో ఏమీ రాయదు, కానీ అందరూ రాసింది కల్లంలో కూర్చుని చదువుతుంది. "మీ ఇద్దరూ పోట్లాడుకుంటా ఉండండి, నేను చదువుకుంటా ఉంటా," అనేది.

మాటా మాటా పెరిగి, "మీకు పాతకాలం చాదస్తం," అని ఫాయిజా, "నీకు డబ్బా కన్నా చప్పట్లెక్కువ," అని కామేశం ఒకరినొకరు అనేసుకున్నారు. ఆ తర్వాత ఆ పిల్ల షాపువైపు రాలేదు. కామేశానికి సాయంత్రాలు చప్పగా గడిచాయి. ఫోన్ చేద్దామని తియ్యడం, "పెద్దవాణ్ణి, నేనెందుకు చెయ్యాలి" అని పెట్టెయ్యడం. ఇదే పని.

చివరికి శుక్రవారం నాడు ఫాయిజాయే వచ్చింది. కూర్చోలేదు. మడిచిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టింది.

"కొత్త డబ్బా ఆచూకీ. మీకు మాత్రమే బాబాయ్. దీని గురించి పేజీలో ఒక్క ముక్క రాయలా. ఫోటో కూడా తీయలా," అని వెళ్ళిపోయింది.

*

పిట్టగుట్ట పెద్ద ఎత్తేమీ కాదు. పైన మూడు గుండ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వాటి నడిమి సందులో, బండ పలక వెనక కామేశం చెయ్యి పెట్టి తడిమితే చల్లగా లోహం తగిలింది. బయటికి తీసి చూసి, ఉన్నచోటనే చతికిలబడ్డాడు.

ఎప్పుడూ ఉండే ప్లాస్టిక్ డబ్బా కాదు. ఇత్తడి పాన్‌దాను. మూత మీద తీగలు, తీగల మధ్య ఆకులు, కాలానికి అరిగి నున్నబడిన చెక్కడం. ఫాయిజా నాన్నమ్మదని, ఆవిడ పోయాక ఇంట్లో ఎవరూ తాంబూలం వేసుకోకపోయినా దాన్ని మాత్రం ప్రాణంలా చూసుకుంటారని కామేశానికి తెలుసు. అలాంటిదాన్ని తెచ్చి, ఈ ఒక్కసారికి ఆయన కోసం గుట్ట మీద పెట్టింది! లోపల చిన్న పుస్తకం. పక్కనే గుడ్డలో చుట్టిన రబ్బరు ముద్ర. అమరావతి రాళ్ళ మీద ఉండేలాంటి పద్మం, చేత్తో కోసింది.

కామేశం ముద్రను ఎర్ర సిరాలో అద్ది తన పుస్తకంలో వేసుకున్నాడు. తన ముద్రను పాన్‌దానులోని పుస్తకంలో వేశాడు. దాని కింద మామూలుగా రెండు ముక్కలు రాసేవాడు, ఇవాళ పేజీ నిండేదాకా రాశాడు. రాసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పిల్ల తన కోసం ఇంత దిగివచ్చినప్పుడు తానెందుకు బిగుసుకుని కూర్చోవాలి? ఆమెకి ఇష్టమైన పని ఒకటి తానూ చెయ్యాలి. ఈ డబ్బాను ఆన్‌లైన్లో ఎక్కించాలి.

ఎన్నడూ ఎక్కించిన మనిషి కాదు. పేజీ మాత్రం ఫోన్లో ఉంది, ఫాయిజా ఎప్పుడో పెట్టిపోయింది. పేజీ అడిగిన ప్రశ్నలన్నిటికీ కామేశం కోర్టులో సాక్షిలాగా నిజం చెప్పాడు. ఏమి దొరికింది? "పాత ఇత్తడి పెట్టె దొరికింది. లోపల పద్మముద్ర." ఎక్కడ? డబ్బా ఆటలో చోటు పేరు బయటపెట్టడమంత పాపం ఇంకోటి లేదు. ఆ సంగతి కామేశానికీ తెలుసు. కానీ పేజీ అడిగినచోట కూడా ఆచూకీ ముక్క మాత్రమే రాస్తారని, ఆన్‌లైన్ మొహం చూడని ఆయనకి తెలియదు. "మూడుగుండ్లపాలెం పిట్టగుట్ట, మూడు గుండ్ల నడిమి సందు," అని రాశాడు. ఇతరులకు ఏమైనా చెబుతారా? "చూసినవాళ్ళు చూసి మళ్ళీ అక్కడే పెట్టాలి. బయట ఎవరికీ చెప్పవద్దు." మూత తీసిన పెట్టె, ఎర్రగా మెరిసే పద్మం కనబడేలా ఫోటో తీసి పెట్టాడు.

ఆఖర్న, పేజీలో ఎక్కినదాన్ని వాట్సాప్‌లో ఎవరికి పంపాలి అని అడిగింది. తెర మీద ఎండ పడి ఏమీ కనబడటం లేదు. అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే "డబ" అన్న అక్షరాలు కనబడ్డాయి. అదే అనుకుని నొక్కాడు.

ఆయన ఫోన్లో "డ"తో మొదలయ్యే గ్రూపులు రెండున్నాయి. ఒకటి "డబ్బా మిత్రులు". రెండోది "డబుల్ రోడ్డు మిత్రులు". మూడుగుండ్లపాలెం రోడ్డును వెడల్పు చెయ్యాలని పోరాడే సంఘం అది. అర్జీల మీద వెయ్యడానికి ముద్ర ఉచితంగా చేసిచ్చినందుకు కామేశాన్ని గౌరవంగా అందులో చేర్చారు. ఆ ఊళ్ళో సర్పంచి నరసింహారావు వర్గం, మాజీ సర్పంచి నాగభూషణరావు వర్గం ఏకమైన ఒకే ఒక్క విషయం ఆ రోడ్డు. కాబట్టి ఊరంతా ఆ గ్రూపులో ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలు, లోకల్ ఛానల్ విలేకరి పవన్ కూడా ఉన్నారు.

కామేశం పాన్‌దానును ఎక్కడిదక్కడ పెట్టి, పలక అడ్డం జరిపి, తేలికపడిన మనసుతో గుట్ట దిగాడు.

*

గుట్ట కిందే హైమావతి మిర్చి కల్లం. కోసిన కాయ ఎర్ర తివాచీలా పరిచి ఉంది. ఆమె మజ్జిగ తెచ్చిచ్చి, "దొరికిందా అన్నయ్యా?" అంది.

"దొరకటమేంది! ఆన్‌లైన్లో కూడా ఎక్కించా."

హైమావతి చేతిలో చెంబు ఆగిపోయింది. "మీరా?"

"నేనే. ఆ పిల్ల చూసి సంతోషపడిద్దని."

ఆమె ఫోన్ తీసి చూసింది. "మన గ్రూపులో ఏం రాలేదే," అంటూ ఇంకో గ్రూపు తెరిచింది. ఆమె కూడా ఆ ఊరిదే, డబుల్ రోడ్డు మిత్రురాలే. చదువుతూ చదువుతూ ఆమె మొహం మారిపోయింది.

"అన్నయ్యా, మీరు దీన్ని రోడ్డు గ్రూపులో పెట్టారు. పాత ఇత్తడి పెట్టె అని రాశారు. ముద్ర అని రాశారు. గుట్ట పేరు రాశారు. పైగా ఎవరికీ చెప్పొద్దని కూడా రాశారు."

"ఆ చివరి మాట మంచిదే గదా?"

"అది రాయకపోతే సగంమంది పట్టించుకోకపోదురు!"

ఆమె మాట పూర్తికాకముందే మొదటి మోటారుసైకిలు వచ్చింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత ఆటో, ఆటో వెనక ట్రాక్టరు, ట్రాక్టరు తొట్టిలో జనం. గుట్టకు దగ్గరి దారి కల్లం అంచునుంచే. అంచు చాలనివాళ్ళు కాయ మీదుగానే పోయారు. "ఒరేయ్, కాయ రా! కళ్ళు మూసుకుపోయినయ్యా!" అని హైమావతి కర్ర పట్టుకుని అరుస్తూనే ఉంది. టైర్ల కింద ఎండుమిర్చి నలిగి ఘాటు లేచింది. వెనక వచ్చిన వాళ్ళంతా తుమ్ముకుంటూ గుట్ట ఎక్కారు.

కామేశం ఫోన్ మోగింది. బావమరిది.

"బావా, నిధి దొరికిందంటగా! నాకొక్క మాట చెప్పకూడదా? బౌద్ధులకాలం నాటిదంట. బంగారు పద్మమంటన్నారు."

"రబ్బరు రా అది! రబ్బరు!"

"సరేలే, ఫోన్లో అట్టా అనటమే మంచిది. నాకర్థమైంది. మధ్యాన్నం మాట్లాడుకుందాం," అని వాడు పెట్టేశాడు.

*

కామేశం, హైమావతి రొప్పుకుంటూ పైకి వెళ్ళేసరికి పాన్‌దాను సందులోంచి బయటికి వచ్చి ఒక ఎర్ర తువ్వాలు మీద కూర్చుని ఉంది. దానికి అటు నరసింహారావు మనుషులు, ఇటు నాగభూషణరావు మనుషులు. మధ్యలో ఎవరూ అడుగుపెట్టడానికి వీల్లేదు. నువ్వు ముట్టుకుంటే నువ్వు కాజేస్తావని వీళ్ళు, మీరు ముట్టుకుంటే మీరు మార్చేస్తారని వాళ్ళు. అందుకని మూత తీసి చూసే అవకాశం ఎవరికీ లేకపోయింది. పవన్ ఒక గుండు ఎక్కి, ఫోన్ చాచి, "చరిత్ర బయటపడుతున్న వేళ" అని లైవ్ చెబుతున్నాడు, మధ్యమధ్య తుమ్ముతూ.

"బాబూ, అది మా డబ్బా," అన్నాడు కామేశం ముందుకు వెళ్ళి. "మేమాడుకునే ఆట అది. ఇట్టా ఇవ్వండి."

నరసింహారావు ఆయన్ని జాలిగా చూశాడు. "కామేశం గారూ, మీరంటే గౌరవం ఉంది. కానీ దొరికిందని రాసింది మీరే గదా?"

"అవును, దొరికింది."

"మీదైతే ఇంట్లో ఉండిద్ది గానీ, దొరకటమేంది?"

"దాచారు, అందుకని దొరికింది!"

"ఎవరు దాచారు?"

"ఫాయిజా అని మా అమ్మాయిలాంటి పిల్ల."

"ఎందుకు దాచింది?"

"నాకు దొరకాలని!"

అవతలి పక్షం నుంచి నాగభూషణరావు తల అడ్డంగా ఊపాడు. రోడ్డు తర్వాత ఇన్నాళ్ళకు రెండు వర్గాలూ ఒక్కమాట మీద ఉన్నాయి. ఈ నరసరావుపేట మనిషి అబద్ధమైనా సరిగ్గా ఆడలేకపోతున్నాడని.

ఇంతలో ఫాయిజా వచ్చింది. లైవ్ చూసి, కాలేజీలో స్పెషల్ క్లాసు మధ్యలో వదిలి, ఎవరిదో స్కూటీ తీసుకుని వచ్చింది. తువ్వాలు మీద పాన్‌దాను చూసి నేరుగా కామేశం దగ్గరికి వచ్చింది.

"ఎవరు బాబాయ్ ఇదంతా ఆన్‌లైన్లో పెట్టింది?"

కామేశం తలొంచుకున్నాడు. "నేనేనమ్మా."

"మీరా! మీరెందుకు పెట్టారు?"

"నీకిష్టమని."

ఫాయిజా కోప్పడదామని తెరిచిన నోరు అలాగే మూసేసింది.

వీఆర్వోను వెంటబెట్టుకుని రెవెన్యూ ఇన్‌స్పెక్టరు భవిత వచ్చింది. చిన్న వయసు, నిదానం మనిషి. ఆదివారం సెలవు పోయిన చిరాకు మొహంలో కనబడకుండా జాగ్రత్తపడుతోంది. ఇద్దరు నాయకులూ చెప్పింది విని, ఫాయిజావైపు తిరిగింది.

"మీదంటున్నారు. ఆధారం ఏమైనా ఉందా? ఫోటో? లేకపోతే రూలు ప్రకారం పాత వస్తువు ఏది దొరికినా సర్కారుకే పోతుంది. నేను ట్రెజరీకి పంపాలి."

ఫాయిజా ఇప్పటిదాకా పెట్టిన ప్రతి డబ్బాకూ నాలుగువైపుల నుంచీ ఫోటోలున్నాయి. మూత తీసి ఒకటి, వేసి ఒకటి. పెట్టిన రోజు, చోటు, వాతావరణం కూడా రాసి పెట్టుకునే మనిషి. ఆమె ఫోన్ తియ్యను కూడా తియ్యలేదు.

"ఈ ఒక్కదానికే లేదు మేడమ్," అంది నీరసంగా.

"ఎందుకు లేదు?"

"ఈయనకి ఇష్టముండదని."

భవిత ఈసారి కామేశాన్ని పరీక్షగా చూసింది. "మీరు కోర్టు సందులో స్టాంపుల షాపు కదూ? మా ఆఫీసు ముద్రలో మండలం పేరు తిరగేసి కోసింది మీరే కదా?"

"అది మా హెల్పరు పొరపాటండీ," అని గొణిగాడు కామేశం. సాక్షిగా ఆయనకున్న కాస్త విలువా అక్కడితో పోయింది.

"పోనీ మీ ఇంట్లోవాళ్ళని అడగండి. స్పీకర్ పెట్టండి," అంది భవిత ఫాయిజాతో.

ఫాయిజా పాన్‌దాను తెచ్చినట్టు అమ్మకు చెప్పలేదు. రెండు రోజుల్లో తిరిగి తీసుకొచ్చి పెట్టేద్దామనుకుంది. వేరే దారి లేక ఫోన్ చేసింది.

"అమ్మీ, నాన్నమ్మ పాన్‌దాను సంగతి..."

"దానికేమైంది? బీరువాలో భద్రంగా ఉంది," అంది ఫాయిజా అమ్మ ఆసియా గొంతు, గుట్ట మొత్తానికీ వినబడేలా. "నేనెవరినీ ముట్టుకోనివ్వను గదా దాన్ని. నువ్వు ముందు అన్నానికి రా, చల్లారిపోతంది."

ఫోన్ పెట్టేసింది. జనంలో "చూశారా!" అన్న గోల లేచింది. కామేశానికి ఇప్పటిదాకా ఇది నవ్వులాటగానే ఉంది. ఇప్పుడు ఆ పిల్ల నాన్నమ్మ పాన్‌దాను సర్కారు సంచిలో పడి, చీటీ అంటించుకుని, ఏ గదిలోనో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. తన వల్ల. "డబ" అన్న రెండక్షరాల వల్ల. ఫాయిజా ఏడవడం లేదు గానీ, పెదవి పంటితో నొక్కిపట్టింది.

"పంచనామా చేద్దాం. అందరి ముందూ మూత తీద్దాం," అంది భవిత.

"పాము ఉండిద్దేమో మేడమ్, నిధికి కాపలా," అన్నారెవరో. జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. నాయకులు కూడా జరిగారు. పాన్‌దాను ముందు భవిత ఒక్కతే మిగిలింది. ఆమె కూర్చుని మూత తీసింది. గుడ్డ విప్పి ముద్రను పైకెత్తి పట్టుకుంది. వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా నొక్కుకుపోయింది. తిరగేసింది. వెనకవైపు తెల్లగా ఉంది. బళ్ళో పిల్లలు పెన్సిలు గీతలు చెరుపుకునే రబ్బరు. దాని మీద కంపెనీ పేరు సగం చెరిగి సగం ఉంది.

"బౌద్ధులకాలంలో ఇది ఉండేదంటారా?" అని అడిగింది నాగభూషణరావును. ఆయన ఆలోచించడానికి కొంత వ్యవధి తీసుకున్నాడు.

"ముద్ర కొత్తదే. కానీ పెట్టె పాతదేగా మేడమ్," అన్నాడు నరసింహారావు. "ఎవరో పెట్టె తవ్వుకుని, దానిలో ఈ రబ్బరు పెట్టి ఉండొచ్చు."

భవిత పుస్తకం తీసింది. అందులో మొదటి పేజీ తప్ప అన్నీ ఖాళీ. "ఇవాళ్టి తేదీ వేసి ఉంది. ముద్ర కూడా ఉంది. చదువుతాను, పంచనామాలో రాసుకోండి," అంది వీఆర్వోతో.

"అమ్మా, అది చదవాల్సిన పని లేదు," అన్నాడు కామేశం కంగారుగా.

"రూలు కదండీ."

పవన్ గుండు దిగి వచ్చి ఫోన్ ఆమె మొహం దగ్గర పెట్టాడు. భవిత గొంతు సవరించుకుని చదివింది.

"'అమ్మాయ్ ఫాయిజా, మీ నాన్నమ్మ పాన్‌దాను చూడగానే నాకు కాళ్ళాడలా. మీ అమ్మ ఆసియాకి చెప్పి తెచ్చావో లేదో నాకు అనుమానమే. పద్మం బాగా కోశావు. ఎడమవైపు రేకు ఒకటి లావయింది. కోసేటప్పుడు బ్లేడు తిప్పకూడదు, రబ్బరు తిప్పాలి అని నీకెన్నిసార్లు చెప్పినా వినవు. అయినా నాకు ఆ లావు రేకే బాగా నచ్చింది. నువ్వు షాపుకి రానప్పటి నుంచి టీ చల్లగా అయిపోతంది, తాగబుద్ధి కావటంలా. మన తగాదాలో సగం న్యాయం నీదే. సగమే. ఇవాళ నీకోసం దీన్ని ఆన్‌లైన్లో ఎక్కిస్తా. ఎట్టా ఎక్కించాలో సరిగ్గా తెలియదు. ఏదన్నా పొరపాటు జరిగితే నువ్వే చూసుకో. ఈ ముక్కలు మాత్రం నీకూ, నాకూ, ఈ డబ్బాకూ తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. కామేశం.'"

చదవడం పూర్తయింది. జీవితంలో ఏదీ ఎక్కడా ఎక్కించనని భీష్మించుకున్న మనిషి మనసు మొత్తం ఒకే దెబ్బకు పల్నాడంతా ఎక్కిపోయింది. కామేశం చెవులు ఎండుమిరప రంగుకు తిరిగాయి. ఎవరో ముక్కు చీదారు. అది మిర్చి ఘాటుకో, ఇంకెందుకో చెప్పడం కష్టం.

ముందుగా నవ్వింది హైమావతి. ఆ తర్వాత గుట్టంతా నవ్వింది. ఫాయిజా నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటోంది.

"టీ తాగటం మానేశారా బాబాయ్?"

"మానేయలా. తాగుతన్నా. చల్లగా తాగుతన్నా," అన్నాడు కామేశం నేలచూపులు చూస్తూ.

అప్పుడే ఫాయిజా ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టమని ఈసారి ఎవరూ అడగలేదు, అయినా అందరికీ వినబడింది. "ఏమే! బీరువా తెరిచి చూశా, ఖాళీగా ఉంది! ఫోన్లో చూస్తే మా అత్తగారి పాన్‌దాను చుట్టూ జాతర జరుగుతంది. మూత లోపల సున్నం మరక ఉండిద్ది, చూసుకోమను ఆ ఆఫీసరమ్మని. ఊరంతా చూసింది దాన్ని, నాకు తప్ప అందరికీ చెప్పావు!"

భవిత మూత తిప్పి చూసింది. మరక ఉంది. ఆమె పాన్‌దానును రెండు చేతులా పట్టుకుని ఫాయిజా చేతిలో పెట్టింది. పంచనామాలో "ఆట వస్తువు" అని రాయించి, సంతకం చేసి, కిందికి దిగబోయి ఆగింది.

"ఆ ముద్ర ఒకసారి నా డైరీలో వేస్తారా?" అంది మెల్లగా.

అది చూసి నరసింహారావు తన చెయ్యి చాపాడు. సర్పంచి చేతి మీద పద్మం పడ్డాక మాజీ సర్పంచి ఊరుకుంటాడా? నాగభూషణరావు రెండు చేతులూ చాపాడు. దాంతో గుట్ట మీద వరస కట్టారు. నిధి కోసం వచ్చిన జనం అరచేతుల్లో ఎర్రపద్మాలు వేయించుకుని, పాన్‌దానులోని పుస్తకం నిండా పేర్లు రాసి, చేతులు ఆరబెట్టుకుంటూ దిగారు. దిగేటప్పుడు కల్లంలో చెల్లాచెదరైన కాయంతా ఎగదోసి కుప్ప చేస్తేగానీ హైమావతి ఒక్కణ్ణీ కదలనివ్వలేదు. రెండు వర్గాలూ పోటీపడి ఊడ్చాయి. తుమ్ములు మాత్రం ఏ వర్గానివి ఎక్కువో తేలలేదు.

*

వంకాయలు మర్చిపోయినందుకు ఇంట్లో పడవలసిన చివాట్లన్నీ పడ్డాక, సాయంత్రం కోర్టు సందులో షాపు ముందు టీ వేడిగా వచ్చింది. ఫాయిజా తన మామూలు కుర్చీలో కూర్చుని ఫోన్ తీసింది.

"బాబాయ్, రోడ్డు గ్రూపులోవాళ్ళు పంపీ పంపీ మీ పోస్టు అన్ని ఊళ్ళూ తిరుగుతంది. మన పేజీలోంచి తీసేస్తా. మీరు చెప్పిందే నిజం. కొన్ని డబ్బాలు మన మధ్యనే ఉండాలి. ఇవాళ నాకు బాగా తెలిసొచ్చింది. ఇకనుంచి నావి కాగితం మీదే."

"తీసెయ్, తీసెయ్. మంచి పని," అన్నాడు కామేశం. టీ ఒక గుక్క తాగి, ఆమె ఫోన్లోకి తొంగిచూశాడు. "ఆ కింద ఏందమ్మా ఆ అంకె?"

"ఎంతమంది చూశారో అది."

"అంతమందా!" కామేశం కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. "మాచర్ల నుంచి ఎవరో రాశారే. 'మా ఊరు ఎప్పుడొస్తారు' అంట. గురజాల నుంచి కూడా... ఉండమ్మాయ్, తొందరెందుకు? డబ్బా రేపు వానకి పోయినా, ఇది ఉంటే ఒక గుర్తు గదా."

"అది నేను చెప్పిన మాట బాబాయ్!"

"సగం న్యాయం నీదేనని రాశాగా."

"ఆ సగం ఇప్పుడు నాకొద్దు. చోటు పేరు బయటపెట్టాక ఆ డబ్బాలో ఏం మిగిలింది?"

"నీకు చాదస్తమమ్మా," అన్నాడు కామేశం.

"మీకు చప్పట్లెక్కువ!"

మాటా మాటా పెరుగుతుండగా హైమావతి ఫోన్ చేసింది. సంగతంతా విని, తాను మాత్రం మునుపటిలాగే చదువుకుంటానని చెప్పింది. ఆ తగాదా ఇప్పటికీ తెగలేదు. ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు మారి కూర్చున్నారు, అంతే.